ఆవిరి డబ్బాలో తెల్లపొడి

"నా బండి ఆగలేదు. అందులో నువ్వు చేసిన పొర ఆగింది. రేపు మీ ల్యాబు పెద్దసారు ముందు ఆ మాట నువ్వే చెప్పు."

కొడుకు భార్యతో ఆ మాట అని కంచం ముందునుంచి లేచిపోయాడు. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది.

"తిని పోట్లాడుకోకూడదట్రా?" అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

"నాకు కడుపు నిండిపోయిందమ్మా. నిన్నట్నుంచీ డిపోలో ఒక్కొక్కడూ చివాట్లు పెడుతూనే ఉన్నాడు. వంతెన మీద బండి నిలబడిపోతే ఎవడు లాక్కొచ్చాడో తెలుసా? చెత్తలారీ వాడు! తాడు కట్టి! పొగరాని బండి, రేపటి బండి అని అద్దం మీద రాసుకుని తిరుగుతున్నానా, దాన్ని చెత్తబండి ఈడ్చుకొచ్చింది. పొద్దున గేటు దగ్గరే పేరు పెట్టేశారు నాకు, తాడు డ్రైవరని."

లోపలి గదిలో మామగారికి ఆక్సిజన్ అందించే ఊపిరి మిషను గుర్రుమంటోంది. ఆ ఇంట్లో ఎవరు అలిగినా, ఎవరు అరిచినా దాని చప్పుడు దానిది. ఆయన ఛాతీ జబ్బు ముదిరినప్పటినుంచి ఆ చప్పుడు వినబడుతుంటేనే అందరికీ ధైర్యం.

"నేనన్నదేముంది?" అంది కోడలు మెల్లగా. "బండి బలం తగ్గుతోందని తెలిసినప్పుడు వెంటనే ఆపారా, అలాగే తోలారా అని అడిగాను."

"అంటే నేను పాడుచేశాననేగా!"

"అడిగితే అన్నట్టేనా?"

"నువ్వు అడిగే తీరు నాకు తెలీదూ? ల్యాబులో గాజుబుడ్డిని అడిగినట్టు అడుగుతావు. నేను గాజుబుడ్డిని కాను, నీ మొగుణ్ణి."

మరోరోజైతే ఈ మాటకు ఆమె నవ్వేసేది. ఆ నవ్వుతో గొడవ సగం పోయేది కూడా. ఇవాళ పెదవి కదల్లేదు.

"మరి నీళ్ళు?" అంది.

"రోజూ పోశాను. మీ ల్యాబు పంపిన నీళ్ళే. డబ్బా నీ ఎదురుగానే ఉందిగా మెట్ల కింద, చూసుకో."

ఇద్దరూ మెట్ల కిందికి చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. ఆ నీలం డబ్బా డిపో స్టోరు దాటి బయటికి రాకూడదు. అది రూలు. కాని స్టోరు తెరిచేవేళకి బండి ఊరు దాటి ఉండాలి. అందుకని డబ్బా ఇంటికొస్తోంది. ముందున్న డ్రైవరును ఇలాంటి పనికే బండి దింపేశారని తెలిసి కూడా, "తెచ్చుకోండి, ఏమవుతుంది" అన్నది కోడలే.

అత్తగారు వచ్చి కంచం మీద మూత పెట్టింది.

"ఈ ఇంటికి ఇద్దరు కోడళ్ళు. ఒకతె నువ్వు, ఇంకోతె నీ పొర. నువ్వైనా చెప్పిన మాట వింటావు, అదే మొండిఘటం," అని నవ్వించబోయింది.

ఎవరూ నవ్వలేదు. కొడుకు చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. తలుపు గట్టిగా వేస్తే తండ్రి ఉలిక్కిపడతాడని, అంత కోపంలోనూ మెల్లగానే మూశాడు.

కోడలు ముందుగదిలో ఒంటరిగా కూర్చుంది. పక్కనే ల్యాబు సంచీ. అందులో ఒక చిన్న సీసా. సీసా అడుగున చిటికెడు తెల్లపొడి.

ఆ పొడి నిన్న సాయంత్రం దొరికింది. బండిని తాడుతో తెచ్చి ల్యాబు వెనక నిలబెట్టాక, పెద్దసారు చూస్తుండగా బండికి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ విప్పారు. సెల్ అంటే అందులో ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి, నడుమ ఆమె చేసిన పొర. ముట్టుకుంటే పల్చటి ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది. హైడ్రోజన్‌లోని ప్రోటాన్లకు మాత్రం దారి ఇచ్చి, మిగిలినవాటిని గుమ్మంలోనే ఆపేయడం దాని పని. ఆ పని సాగాలంటే పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. బండి వేడెక్కితే తడి ఆరుతుంది. అందుకే ఆమె ఆ ప్లాస్టిక్ ద్రావణంలో కంటికి ఆననంత సన్నటి సిలికా పొడి కలిపింది. ఆ పొడి తడిని గట్టిగా పట్టుకుంటుంది.

చెప్పుకోవడానికి సులువే. ద్రావణం గాజుపలక మీద పోసి, బ్లేడుతో సమంగా లాగి, ఆరనిచ్చి, నీళ్ళలో ముంచి ఒలిస్తే, పొడి ఒకచోట ముద్ద కట్టి మచ్చలు పడేది. మచ్చ ఉన్నచోట చిరిగేది. పొడి తగ్గిస్తే ఎండిపోయేది. పెంచితే పెళుసెక్కేది. ఒలిచిన పొర చేతిలో విరిగినప్పుడల్లా ఆమె ఏడవకుండా గాజుపలక కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టేది. అలా ఎన్ని పలకలు కడిగిందో ఆమెకే తెలియదు. చివరికి ఒకటి నిలిచింది. ఆ ఒక్కటీ బండి ఎక్కింది.

నిన్న విప్పితే పొరకు తడి అందించే ఆవిరి డబ్బాలో, వేడి గొట్టం చుట్టూ, తెల్లటి పొడి పేరుకుని ఉంది. పెద్దసారు వేలితో గీకి చూశారు.

"నీ సిలికానే అమ్మా ఇది. పొరలోంచి రాలి, తిరిగొచ్చే నీళ్ళతో కొట్టుకొచ్చింది. పొడి మోతాదు పెంచొద్దని చెప్పానా?"

చెప్పారు. ఆమె వినకుండా పెంచింది. ఆ ఒక్క సంగతి చాలు, ఆమె నోరు మూతపడటానికి. తప్పు నాదేనేమో అన్న భయం ఉన్న మనిషి, ఎదుటివాళ్ళు నీదే అనగానే ఎందుకంత తొందరగా నమ్మేస్తుందో భగవంతుడికే తెలియాలి. పొడి ఏమిటో తేల్చే పెద్ద మైక్రోస్కోపు దగ్గర వరస ఉంది. ఆమె వంతు వచ్చేలోగా రేపటి మీటింగు అయిపోతుంది. అయినా ఎందుకో చిటికెడు పొడి సీసాలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది, పోయిన మనిషి గుర్తు దాచుకున్నట్టు.

ఫోను మోగింది. పెద్దసారే.

"ఏం చేస్తున్నావమ్మా? భోంచేశావా?"

"అయింది సార్."

"అబద్ధం. గొంతు వింటేనే తెలుస్తోంది. విను. రేపు డిపో వాళ్ళు వస్తారు, డబ్బిచ్చే సంస్థ వాళ్ళూ వస్తారు. వాళ్ళు అడిగి చెప్పించుకోవడం కంటే మనమే ముందు చెప్పేద్దాం. పొర నిలవలేదు, పొడి రాలిపోతోంది, ఈ దారి ఇక్కడితో ఆపేస్తున్నాం అని. ఒప్పుకుంటే గౌరవంగా ఉంటుంది."

"ఆపేస్తే నేను..."

"నిన్ను వీధిలో పడేస్తామా? పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పేవాళ్ళు కావాలి. కొన్నాళ్ళు అది చెయ్యి."

"కొన్నాళ్ళు అంటే సార్?"

ఆయన ఆ ప్రశ్న దాటేశారు. ఆ దాటేయడమే జవాబు.

"మంచి పిల్లవి నువ్వు," అన్నారాయన. "కాని ఆ పొర మీద పెంచుకున్న మమకారం మంచిది కాదు. ఆలోచించుకో. చీకటి పడేలోగా మళ్ళీ చేస్తాను. సరేనంటే చాలు, మిగిలింది నేను మాట్లాడతాను."

ఆమె ఫోను సంచీ పక్కన పెట్టింది. సరే అనే మాట నోట్లో సిద్ధంగానే ఉంది. మింగుడు పడదు, ఉమ్మబుద్ధి కాదు.

లోపల్నుంచి మామగారు పిలిచారు. "లాబమ్మా!"

ల్యాబులో పనిచేస్తుందని ఆయన ఆమెను అలాగే పిలుస్తారు. ముక్కుకు గొట్టం, మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. మిషను పక్కన చిన్న సీసాలో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి.

"వాడు వెళ్ళిపోయాడా?"

"వీధి చివరిదాకా వెళ్ళుంటారు. వచ్చేస్తారు మామయ్యా."

"వాడికి కోపమొస్తే కాళ్ళు ఊరుకోవు. నాకూ అంతే ఉండేది. ఇప్పుడు కోపమొచ్చినా వెళ్ళడానికి ఈ గొట్టమంత దూరమే." ఆయన నవ్వబోయి దగ్గారు. దగ్గు తగ్గాక, "మీ మాటలన్నీ వినబడ్డాయి. గోడలు సన్నం, నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి. ఏం చేస్తావు?" అన్నారు.

"తప్పు నాదైతే ఒప్పుకోవాలి కదా."

"నీదేనా?"

ఆమె ఆయన దిండు సర్దింది.  సీసాలో బుడగలు చూసి ఆయన కళ్ళు మూసుకున్నారు.

వంటింట్లో అత్తగారు పెద్ద గిన్నె ముందు వేసుకుని కూర్చుంది. నీళ్ళు కాచే గిన్నె అది. అడుగంతా తెల్లగా పెచ్చు కట్టింది. సగం నిమ్మచెక్కతో రుద్దుతోంది.

"ఈ ఊరి నీళ్ళు పాడుగాను! ఎంత తోమినా ఇదే తెలుపు. చూడు, పులుపు తగలగానే ఎలా పొంగుతుందో. లేకపోతే పీచు పెట్టి రుద్దినా ఊడదు," అంది తనలో తాను అనుకుంటున్నట్టు.

కోడలు చూసింది. నిమ్మరసం పడినచోట తెల్లటి పెచ్చు సన్నగా బుస్సుమని నురగ కట్టి, కరిగి, జారిపోతోంది.

గుమ్మంలో నిలబడినది నిలబడినట్టే ఆగిపోయింది. ఆ తెలుపు ఆమె నిన్ననే చూసింది. వేడి గొట్టం చుట్టూ, ఇదే తీరుగా, పొరలు పొరలుగా.

"అత్తయ్యా, ఈ గిన్నెలో ఏం కాస్తారు?"

"నీళ్ళే."

"ఇన్ని నీళ్ళెందుకు మనకి?"

"మనకి కాదులే, డబ్బాకి."

"ఏ డబ్బాకి?"

అత్తగారు చెయ్యి ఆపి తలెత్తింది. మొహంలో భయం లేదు. చేసిన మంచిపని ఎవరూ అడక్కపోయినా ఇన్నాళ్ళూ చెప్పుకోలేదన్న చిన్న గర్వం ఉంది.

"మీ మామయ్య మిషనుకి శుద్ధి చేసిన సీసా నీళ్ళే పొయ్యాలన్నాడు కదా డాక్టరు? కుళాయి నీళ్ళు పోస్తే మిషను పాడవుతుందన్నాడు. మందుల షాపు వాడేమో సీసాలు రావట్లేదు, రావట్లేదు అంటున్నాడు. మెట్ల కింద డబ్బా ఉంది. చాలా శుద్ధమైన నీళ్ళని నువ్వేగా చెప్పావు? అందులోంచి కొంచెం కొంచెం తీసి ఆయనకి పోస్తున్నాను."

"తీసి?"

"తీసి ఊరుకుంటానా? ఒకళ్ళ సొమ్ము నాకెందుకు? తీసినన్ని తిరిగి పోసేదాన్ని. ఊరికే కుళాయి నీళ్ళు కాదు తల్లీ. బాగా పొంగులు వచ్చేదాకా కాచి, చల్లార్చి, ఉతికిన గుడ్డలో వడకట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ పోసేదాన్ని. మా అబ్బాయి బండి చల్లగా తిరగాలని."

కోడలు ఆ గిన్నె అడుగు వేలితో తడిమి, మెట్ల కింది డబ్బా వైపు చూసింది.

శుభ్రానికి వంటింట్లో ఒక కొలత ఉంటుంది, ల్యాబులో ఒక కొలత. కాచి వడకట్టిన నీళ్ళు మనిషి తాగడానికి మంచివే. అందులో కరిగి ఉన్న సున్నం గుడ్డకు దొరకదు. అది ఆవిరి డబ్బాలో పెచ్చు కట్టి, తుంపరలతో పొరలోకి వెళ్ళి, ప్రోటాన్లు నడవాల్సిన చోట్లన్నీ ఆక్రమించి కూర్చుంటుంది. దారి మూసుకుపోతే బండి ఆగక ఏం చేస్తుంది? ఇంత భక్తిగా చేసిన పని అంత చెడ్డగా ఎందుకు పరిణమించాలి? అడిగితే ఎవరు చెబుతారు?

"ఏమ్మా, అలా అయిపోయావు? ఎండకి తిరిగావా?"

"ఆ నిమ్మచెక్క ఇలా ఇవ్వండి అత్తయ్యా."

సంచీలోంచి సీసా తెచ్చింది. పొడిలో సగం చిన్న పళ్ళెంలో ఒలికించింది. కొంత అరుగు మీద పడింది. సిలికా అయితే నిమ్మరసానికి చలించదు. ఇసకలాగే ఉండిపోతుంది. సున్నమైతే...

చెక్క పిండింది.

పొడి బుస్సుమంది. నురగ కట్టింది. చూస్తుండగానే కరిగి, పళ్ళెంలో తేట నీళ్ళు మిగిలాయి.

"పొంగింది!" అంది అత్తగారు చిన్నపిల్లలా. "అది మంచిదేనా?"

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పొర రాలలేదు. ఆమె కలిపిన పొడి ఎక్కడిదక్కడే ఉంది. పల్చటి యాసిడ్‌లో నానబెట్టి కడిగితే లోపలి సున్నం పోతుంది, పొర మళ్ళీ పనిచేస్తుంది. రేపు అందరి ముందూ కడిగి, మళ్ళీ సెల్‌లో పెట్టి చూపించవచ్చు. ఇన్నేళ్ళ పని బతికే ఉంది. పరుగెత్తి వెళ్ళి వీధిలో అందరికీ చెప్పాలనిపించింది.

ఆ తరవాతి ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. సున్నం ఎక్కడినుంచి వచ్చిందని రేపు అడుగుతారు. డబ్బాలోంచి. డబ్బాలోకి ఎలా వచ్చింది? ఇంట్లో. ఇంటికి ఎవరు తెచ్చారు?

"చెప్పవేం? మంచిదేనా?"

"మంచిదే అత్తయ్యా," అంది.

వీధి తలుపు తెరుచుకుంది. కొడుకు లోపలికి వచ్చాడు. వెళ్ళినప్పటి మొహం కాదు. వంటింట్లోకి వచ్చి నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. తప్పు చేశాననుకున్నప్పుడు అతను కడగక్కర్లేని గ్లాసు కూడా కడుగుతాడు.

"ఇందాక ఎక్కువ మాట్లాడాను," అన్నాడు భార్యతో, తల్లి వినేలా. "నీ పని పోతుంటే నాకేమన్నా సంబరమా?"

"నేనేమీ అనుకోలేదు."

"డిపో ఆఫీసరు ఫోను చేశాడు. పొరదే లోపమని తేలితే నా మీద మచ్చ లేదట. బండి బాగుచేశాక మళ్ళీ నాకే ఇస్తారట, ఈసారి పర్మనెంటుగా. కాని తోలడంలోగాని, నీళ్ళలోగాని తేడా ఉందని తేలిందా, అంతే సంగతులన్నాడు. నీళ్ళ సంగతి రెండుసార్లు అడిగాడు. స్టోరులోంచే నేరుగా పోశానని చెప్పాను." ఆగి, గొంతు తగ్గించాడు. "డబ్బా మాట మాత్రం రేపు ఎత్తకు. నీకు తెలుసుగా."

ఆమెకు తెలుసు. అతనికి తెలియనిది కూడా తెలుసు. ఆ తేట నీళ్ళ పళ్ళెం అరుగు మీద వాళ్ళిద్దరి మధ్యే ఉంది.

"మీకు ఒకటి చెప్పాలి," అంది.

"చెప్పు."

ఫోను మోగింది.

పెద్దసారు. కిటికీ బయట ఇంకా వెలుతురు ఉంది. చీకటి పడేలోగా అన్నారు, మాట నిలబెట్టుకున్నారు.

"ఎత్తు," అన్నాడు భర్త. "సరేనని చెప్పేసెయ్. ఈ పొర కాకపోతే ఇంకోటి చేస్తావు. నీకు చేతకానిదేముంది?"

ఆ మాట ఓదార్పుకే అన్నాడు. అందుకే మరీ గుచ్చుకుంది.

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమనుకున్నావమ్మా? వాళ్ళకి కబురు పంపాలి. సరేనా?"

అటు పెద్దసారు ఎదురుచూస్తున్నారు. ఇటు భర్త ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. ఈ మాటల గొడవ తనకు పట్టనట్టు, అత్తగారు పొయ్యి పక్కన చల్లారబెట్టిన నీళ్ళగిన్నె ఎత్తుకుని మెట్ల కిందికి వెళ్ళింది. నీలం డబ్బా మూత తీసింది. గుడ్డ పరిచి, ఒక్క చుక్క కింద పడకుండా, మెల్లగా వంపసాగింది.

"అమ్మా!" అన్నాడు కొడుకు. "ఏం పోస్తున్నావందులో?"

"నీళ్ళేరా. మీ నాన్న మిషనుకి తీశానుగా, బదులు పోస్తున్నాను. అమ్మాయికి ఇందాకే చెప్పాను."

అతను డబ్బా చూశాడు. గిన్నె చూశాడు. అరుగు మీద నిమ్మచెక్క, పళ్ళెం, ఒలికిన తెల్లపొడి చూశాడు. తరవాత భార్య మొహం చూశాడు. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఫోను పెట్టెయ్," అన్నాడు. చేతులు జోడించాడు. "నీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్."

"అమ్మా, వింటున్నావా? సరేనా, కాదా?" అంటున్నారు పెద్దసారు.

ఆమె నోరు తెరిచింది. సరే అనడానికో, కాదనడానికో ఆమెకే తెలియదు.

అప్పుడు ఇంట్లో ఏదో తేడా వచ్చింది. ఏమిటో ముందు ఎవరికీ అందలేదు. అత్తగారి చేతిలో గిన్నె ఆగింది. కొడుకు లోపలి గదివైపు తిరిగాడు.

మిషను చప్పుడు లేదు.

గదిగుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. మిషను తనే ఆపేసి, ముక్కుకున్న గొట్టం తీసేసి వచ్చారు. ఒక చెయ్యి తలుపు పట్టుకుని ఉంది. పెదవులు అప్పుడే రంగు మారుతున్నాయి.

"నా ఊపిరి కోసం..." అన్నారు, మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ. "ఈ ఇంట్లో ఎవరూ... అబద్ధం ఆడక్కర్లేదు."

రెండో చెయ్యి ఆమె వైపు చాచారు.

"లాబమ్మా, ఆ ఫోను ఇలా ఇవ్వు."